సీసల ఏమున్నదో చెప్పే మిషన్ ఉన్నది.. సీసనే ఆడిదాంక పోతలేదు

మధ్యప్రదేశ్‌ల ఛింద్వాడా జిల్లా, పరాసియా ప్రాంతం. 2025 సెప్టెంబర్. వానలు తగ్గే టైముల పిల్లలకు సర్ది, జ్వరం వచ్చింది. మన ఊర్లల్ల రాదా? గట్లనే. అమ్మానాన్నలు డాక్టర్ దగ్గరికి తీసుకపోయిన్రు. దగ్గు మందు రాసిచ్చిండు. మూత నిండ పోసి తాగిపిచ్చిన్రు. కొన్ని రోజులకు పిల్లలకు మూత్రం బందయింది. కిడ్నీలు పనిజేసుడు ఆపినయి. కొందరిని మహారాష్ట్రల ఉన్న నాగ్‌పూర్ దాంక ఉరికిపిచ్చిన్రు. అయినా 20 మందికి పైగా పసిపిల్లలు పాణం ఇడిసిన్రు. ఎక్కువ మంది ఐదేండ్ల లోపోళ్లే.

ఆ మందు పేరు కోల్డ్రిఫ్. తమిళనాడుల కాంచీపురం జిల్లాల ఉన్న శ్రీసన్ అనే కంపెనీ తయారు చేసింది. బ్యాచ్ నంబర్ ఎస్ఆర్-13. తమిళనాడు సర్కారు ల్యాబ్ ఆ బ్యాచ్‌ను పరీక్ష చేస్తే నూరు మిల్లీలీటర్లకు 48.6 గ్రాముల డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది. ఉండనిచ్చే హద్దు 0.1 శాతం. అంటే సగం సీస మందు, సగం సీస విషం అన్నట్టు. అక్టోబర్ మొదటి వారంల మన తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అధికారులు గూడ ఆ బ్యాచ్ ఎవరి దగ్గరున్నా వాడొద్దని హెచ్చరిక ఇచ్చిన్రు.

ఇక్కడ ఒక్క ముచ్చట జర మనసుల పెట్టుకోండ్రి తమ్ముళ్లు, చెల్లెళ్లు. అక్టోబర్ మొదటి తారీఖున తమిళనాడుకు కబురందింది. రెండు మూడు రోజులల్లనే రిపోర్టు బయటికొచ్చింది. పిల్లలు చచ్చిపోవుడు షురువైంది మాత్రం సెప్టెంబర్ మొదట్ల. నెల రోజులు పిల్లలు పోతుంటే తెలవని సంగతి, సీస ల్యాబ్‌కు పోయినంక రెండు మూడు రోజులల్ల తెలిసిపోయింది. మరి ఆ సీస దుకాణానికి పోకముందే ల్యాబ్‌కు ఎందుకు పోలే?

ఈ ప్రశ్న నన్ను నిద్రపోనియ్యలే. నేను ఇంటర్‌ల ఆగిపోయినోన్ని. కెమిస్ట్రీ అంటే అప్పట్ల భయముండె. గాని ఆ వార్త చదివినంక, అసలు ల్యాబుల ఏం చేస్తరు, విషాన్ని ఎట్ల గుర్తువడుతరు అని నెల రోజులు కూసొని చదివిన, తెలిసినోళ్లను అడిగిన. నాకు అర్థమైంది మీకు చెప్త. ఇది పెద్ద చదువులోళ్లకే అందే బ్రహ్మవిద్య ఏం కాదు.

చూస్తే తెలవదు, తాగితే తెలవదు

ముందుగాల విషం సంగతి. సిరప్‌ల మందు కరగాలంటే చిక్కటి, తియ్యటి ద్రవం ఒకటి గావాలె. దానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అసొంటియి వాడుతరు. మందుల్ల వాడేటియి శుద్ధమైనవి, ధర ఎక్కువ. డైఇథిలీన్ గ్లైకాల్ ఫ్యాక్టరీ సరుకు. రంగులకు, ప్లాస్టిక్కుకు, బ్రేక్ ఆయిలుకు వాడుతరు. ధర తక్కువ. అది గూడ రంగు లేకుంట, చిక్కగ, తియ్యగ ఉంటది. రెండు గ్లాసులల్ల పోసి పక్కపక్కన పెడితే మీరు చెప్పలేరు, నేను చెప్పలేను, మందు రాసే డాక్టర్ గూడ చెప్పలేడు.

కడుపులకు పోయినంక అది డైగ్లైకాలిక్ ఆసిడ్ అనే దానిగ మారుతది. అది కిడ్నీల సన్న నాళాలను చంపుతది. అందుకే మొదట వాంతులు, కడుపునొప్పి, తర్వాత మూత్రం బందు. చిన్న పిల్లల కిడ్నీలు ఎంత తట్టుకుంటయి చెప్పుండ్రి.

ఇప్పుడు మిషన్ సంగతి. దాని పేరు గ్యాస్ క్రొమటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీ. ల్యాబోళ్లు పొట్టిగ జీసీ-ఎంఎస్ అంటరు. పేరు చూసి బెదరకుండ్రి. ఇండ్ల రెండు మిషన్లు ఒకదానికొకటి అంటుకోని ఉంటయి. మొదటిది కలిసిపోయినోళ్లను ఏరు చేస్తది. రెండోది ఒక్కొక్కని మొకం గుర్తువడుతది.

మొదటిది అర్థం కావాలంటే సారా బట్టి యాది చేసుకోండ్రి. బట్టి కింద మంట పెడితే ఏది ముందు మరుగుతదో అదే ముందు ఆవిరై బయటికొస్తది. ఏది ఆలస్యంగ మరుగుతదో అది ఎనక వస్తది. ల్యాబుల గూడ సిరప్‌ల నుంచి ఒక్క మిల్లీలీటర్‌ల వెయ్యో వంతు అసొంటి కొంచెం నమూనా తీసి, వేడి వేడి గదిలకు సూదితోని ఎక్కిస్తరు. అది ఆవిరైతది. ఆ ఆవిరిని హీలియం గ్యాస్ ముందుకు నెట్టుకపోతది. ఎటు? 30 మీటర్ల పొడుగున్న ఒక సన్న గొట్టంలకు. లోపటి బొర్ర పావు మిల్లీమీటర్. దాన్ని చుట్టగ చుట్టి ఓవెన్‌ల పెడుతరు. గొట్టం లోపట గోడలకు ఒక పూత ఉంటది. కొన్ని పదార్థాలు ఆ పూతను పట్టుకోని ఆగుకుంట పోతయి, కొన్ని ఆగకుంట ఉరుకుతయి. ఓవెన్ వేడి మెల్లమెల్లగ పెంచుకుంట పోతరు.

ప్రొపిలీన్ గ్లైకాల్ మరిగేది 188 డిగ్రీల దగ్గర. డైఇథిలీన్ గ్లైకాల్ 245 దగ్గర. గ్లిజరిన్ 290 దగ్గర. సీసల కలిసి మెలిసి ఒక్కతీరుగ కనవడ్డ ఈ ముగ్గురు, గొట్టం ఆ కొసకు పోయేసరికి ఏరుపడి ఒకని ఎనక ఒకడు బయటికొస్తరు. ఎవడు ఎన్ని నిమిషాలకు వచ్చిండో కంప్యూటర్ రాసుకుంటది.

గాని టైమొక్కటే నమ్మితే మోసపోతం. పది గంటల బస్సు దిగినోళ్లందరు మన చుట్టాలే అయితరా? మొకం గూడ చూడాలె కదా. అందుకే రెండో మిషన్. బయటికొచ్చిన ఆవిరిని అక్కడ ఎలక్ట్రాన్లతోని కొడుతది. అణువు పలిగి ముక్కలైతది. కుండ పలిగితే పెంకులు చూసి కుమ్మరాయన ఇది గురిగిదా, రంజన్‌దా, కాగుదా అని చెప్తడు చూడుండ్రి, గట్లనే. ఒక్కో పదార్థం ఎప్పుడు కొట్టినా ఒక్కతీరుగనే పలుగుతది. ఆ ముక్కలను బరువు ప్రకారం లెక్కవెట్టి పటం గీస్తది మిషన్. మూడు లక్షలకు పైగా పదార్థాల పటాలున్న లైబ్రరీ కంప్యూటర్‌ల ఉంటది. దాంతోని సరిచూస్తది.

రెండు మిషన్లు ఎందుకు గావాలెనో ఈ సీసనే చెప్తది. ప్రొపిలీన్ గ్లైకాల్ పలిగినప్పుడు అన్నిటికన్న ఎక్కువ వచ్చే ముక్క బరువు 45. విషమైన డైఇథిలీన్ గ్లైకాల్ పలిగినప్పుడు ఎక్కువ వచ్చేది గూడ 45 ముక్కనే! ఒక్క ముక్క చూసి తీర్పు చెప్తే మంచోన్ని దొంగ అంటం, దొంగను మంచోడు అంటం. విషం పలిగితే 45 తోటి 75 బరువు ముక్క గూడ వస్తది. బయటికొచ్చే టైము గూడ వేరే. టైము, ముక్కల పటం, పక్కన పెట్టిన అసలు నమూనా, మూడు కలిస్తేనే మంచి ల్యాబోడు సంతకం పెడుతడు. ఎంతున్నది అనే లెక్క తేల్చేటందుకు గొట్టం కొసకు చిన్న మంట పెట్టి కొలిచే పద్ధతి గూడ ఉన్నది. దగ్గు మందుల రోజువారీ పరీక్షకు ఎక్కువ వాడేది అదే.

కల్లుల అల్ప్రాజోలం, డైజీపాం కలిపిన్రా లేదా అని తేల్చేటందుకు గూడ ఫోరెన్సిక్ ల్యాబులు జీసీ-ఎంఎస్‌ను వాడుతయి. అంటే ఇది ఎక్కడనో అమెరికాల ఉన్న మిషన్ కాదు. మన దేశంల, మన హైదరాబాద్‌ల ఉన్న మిషనే.

దగ్గర దగ్గర 90 ఏండ్ల నుంచి ఇదే విషం

ఈ విషం మనుషులను చంపుడు కొత్త గాదు. 1937ల అమెరికాల ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ మందును ఇదే డైఇథిలీన్ గ్లైకాల్‌ల కరగబెట్టి అమ్మింది. నూరు మందికి పైగా చచ్చిపోయిన్రు. రుచి చూసిన్రు, రంగు చూసిన్రు, వాసన చూసిన్రు గాని విషమా కాదా అని చూడలే. చూడాలని చట్టం గూడ అప్పట్ల లేకుండె. జనం కోపానికి ఆ దేశం 1938ల కొత్త చట్టం తెచ్చింది. అమ్ముడుకు ముందే మందు ప్రమాదం గాదని చూపియ్యాలని రాసింది.

మన దేశంల 1972ల మద్రాసుల పిల్లలు పోయిన్రు. 1986ల బొంబాయి జేజే దవాఖానల గ్లిజరిన్‌ల ఈ విషం కలిసి 14 మంది పోయిన్రు. జస్టిస్ లెంటిన్ కమిషన్ ఏసిన్రు, రిపోర్టు వచ్చింది. 1998ల గుర్గావ్ దిక్కు 33 మంది పిల్లలు. 2020 మొదట్ల జమ్మూ దిక్కు ఉధంపూర్ జిల్లా రాంనగర్‌ల పది మందికి పైగా పిల్లలు. 2022ల ఆఫ్రికాల గాంబియాల సుమారు 70 మంది పిల్లలు పోతే, హర్యానా కంపెనీ తయారు చేసిన నాలుగు సిరప్‌లల్ల ఈ విషం తేలిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చింది. కంపెనీ మాది తప్పు లేదన్నది. అదే ఏడు డిసెంబర్‌ల ఉజ్బెకిస్థాన్ నుంచి గసొంటి వార్తనే వచ్చింది. అది నోయిడా కంపెనీ మందు. 2025ల ఛింద్వాడా.

చూసిన్రా? ఊరు మారుతది, సీస మీద పేరు మారుతది. లోపట విషం మారదు. పోయేది పేదోళ్ల పిల్లలే.

బయటికి పోయే సీసకు పరీక్ష, మన సీసకు నమ్మకం

ఇప్పుడు అసలు రాజకీయం చెప్త. గాంబియా, ఉజ్బెకిస్థాన్ ముచ్చటతోని దేశం పరువు పోతున్నదని మన కేంద్ర సర్కారు ఒక రూలు తెచ్చింది. 2023 జూన్ 1 నుంచి దగ్గు సిరప్ బయటి దేశానికి పోవాలంటే ముందు సర్కారు గుర్తించిన ల్యాబుల పరీక్ష గావాలె. సర్టిఫికెట్ ఉంటేనే ఓడ ఎక్కాలె. మంచి రూలే. గాంబియా పిల్ల మన పిల్ల లెక్కనే కదా.

మరి ఛింద్వాడా పిల్ల ఎవరి పిల్ల? దేశం లోపట అమ్మే సీసకు గట్ల అమ్ముడుకు ముందే బయటోళ్ల పరీక్ష అనే రూలు పెట్టలే. ఇక్కడ కంపెనీనే కొన్న సరుకును పరీక్ష చేసుకోవాలె, తయారైన బ్యాచ్‌ను పరీక్ష చేసుకోవాలె, బాగున్నదని రాసుకోవాలె. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడో వచ్చి దుకాణంల నుంచి రెండు మూడు సీసలు తీసుకపోతడు. రిపోర్టు వచ్చేసరికి ఆ బ్యాచ్ అమ్ముడువోయి, తాగుడు గూడ అయిపోతది. 2025 అక్టోబర్‌ల పిల్లలు పోయినంక, ముడిసరుకును, తయారైన మందును పరీక్ష చేసుడు గట్టిగ చూడాలని కేంద్ర డ్రగ్ కంట్రోలర్ రాష్ట్రాలకు ఉత్తరం రాసిండు. ఉత్తరం రాసుడంటేనే తెలుస్తుంది, అప్పటిదాంక గది గట్టిగ జరుగుతలేదని.

మిర్చి సంగతి మీకు ఎరుకే. ఖమ్మం, వరంగల్ మార్కెట్ల మిర్చి యూరప్‌కు పోవాలంటే పురుగుమందు ఎంతున్నదో ఇసొంటి మిషన్లతోనే చూస్తరు. ఎక్కువుంటే ఎనకకు పంపుతరు. అదే మిర్చి మన కూరల పడితే అడిగేటోడు ఉండడు. సిరప్‌ది గూడ అదే కథ. మిషన్ ఒకటే. దాని ముంగట లైన్‌ల ఎవరు ముందు నిలవడాలె అన్న కాడనే తేడా వస్తున్నది.

కొందరు అంటరు, "దేశంల కోట్ల సీసలు తయారైతయి, అన్నిటిని పరీక్ష చేసుడు అయ్యే పనేనా" అని. న్యాయంగనే అడిగిన్రు. అన్ని సీసలను ఎవరు చూడుమన్నరు? విషం సీసల పుట్టదు, డ్రమ్ముల వస్తది. ఒక్క డ్రమ్ము గ్లైకాల్‌తోని వేల సీసలు తయారైతయి. డ్రమ్ము మూత తీసినప్పుడు ఒక్క చుక్క చూస్తే వేల సీసలు చూసినట్టే. మిషన్ లేని చిన్న కంపెనీకి గూడ దారున్నది. పల్చటి పూత పూసిన పలక మీద చుక్క పెట్టి చూసే పరీక్ష చానా తక్కువ ఖర్చుల అయితది. ముందు గది చేసి, అనుమానమున్నదాన్ని పెద్ద మిషన్‌కు పంపొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థనే పద్ధతి చెప్పింది. పైసల్లేవు అనే సాకు చెల్లదు.

మిషన్‌ను గూడ గుడ్డిగ నమ్మొద్దు

ఇంకొక మాట. మిషన్‌కు దండ ఏసి మొక్కుమని నేను చెప్తలేను. దాని ముంగట ఏది పెడితే దాని సంగతే చెప్తది. ఛింద్వాడా విషయంలనే చూడుండ్రి. అక్టోబర్ 3 నాడు కేంద్ర ఆరోగ్య శాఖ, అప్పటిదాంక పరీక్ష చేసిన శాంపిళ్లల్ల ఈ విషం లేదని చెప్పింది. ఫ్యాక్టరీ ఉన్న రాష్ట్రం తీసిన ఎస్ఆర్-13 శాంపిల్‌ల మాత్రం సగం విషం తేలింది. మిషన్ ఎక్కడ గూడ అబద్ధం చెప్పలే. ఏ సీస తీసిన్రు, ఏ బ్యాచ్ తీసిన్రు అన్నదాంట్లనే తేడా ఉన్నది. "శాంపిళ్లు బాగున్నయి" అని ఎవరన్నా అంటే "ఏ బ్యాచ్ శాంపిళ్లు?" అని అడుగుడు మనం నేర్చుకోవాలె.

దీనికి హద్దులు గూడ ఉన్నయి. ఆవిరి అయ్యేటియే ఇండ్ల దొరుకుతయి. లోహాలు దొరకయి. 2020 డిసెంబర్‌ల ఏలూరుల 600 మందికి పైగా మూర్ఛలు, వాంతులతోని దవాఖానల పడ్డది యాదున్నదా? రక్తంల లెడ్, నికెల్ ఉన్నయని ముందు వార్త వచ్చింది. తర్వాత ఎయిమ్స్ డాక్టర్లు, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థోళ్లు పురుగుమందుల దిక్కు వేలు చూపిచ్చిన్రు. లోహాలను చూసే మిషన్ వేరే, పురుగుమందును చూసే మిషన్ వేరే. ఏం ఎతుకుతున్నమో తెలిస్తేనే మిషన్ సాయం చేస్తది. ఆ తెలివి మనిషిదే, ఆ బాధ్యత గూడ మనిషిదే.

మన చేతుల ఏమున్నది?

నా తప్పు ఒకటి ఒప్పుకుంట. నా బిడ్డ చిన్నగున్నప్పుడు మా ఊరి ఆర్‌ఎంపీ పెద్ద డబ్బాల నుంచి చిన్న సీసల ఎర్ర మందు పోసి ఇచ్చిండు. సీస మీద చీటి లేకుండె. పేరు అడగలే, కంపెనీ అడగలే. తగ్గినంక సీస పెంటల పారేసిన. ఆ రోజు ఏమన్నా అయితే ఏ మిషన్‌కు ఏం చూపియ్యాలె? నా బిడ్డ అదృష్టం కొద్ది బతికింది. అదృష్టం మీద పిల్లలను పెంచుడు ఆపుదాం.

మీ చేతుల ఫోన్లున్నయి. ఇంట్లకు సిరప్ వస్తే ముందు సీస మీద పేరు, కంపెనీ, బ్యాచ్ నంబర్, తారీఖు ఫోటో తీయుండ్రి. బిల్లు అడుగుండ్రి. చీటి లేని సీసను ఇంట్లకు రానియ్యకుండ్రి. పిల్లలకు సర్ది దగ్గు చానా సార్లు వాటంతట అయ్యే తగ్గుతయి. రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, సర్ది మందులు రాయొద్దని, ఐదేండ్ల లోపు మామూలుగ వద్దనే కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబర్‌ల డాక్టర్లకు చెప్పింది. మందు తాగినంక పిల్లకు మూత్రం తగ్గినా, బందయినా, వాంతులు ఆగకున్నా తెల్లారెదాంక ఆగొద్దు. పెద్ద దవాఖానకు ఉరకాలె, సీస ఎంట తీసుకపోవాలె. ఆ సీసనే సాక్ష్యం. దాన్ని పారేయొద్దు, కడగొద్దు, వేరే దాంట్ల పోయొద్దు.

చట్టం గూడ మన దిక్కు ఒక తలుపు తెరిచి పెట్టింది, చానా మందికి తెల్వదు. 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, సెక్షన్ 26. మందు కొన్న మామూలు మనిషి గూడ ఫీజు కట్టి దాన్ని సర్కారు అనలిస్టుకు పరీక్షకు ఇయ్యొచ్చు. సంతకం పెట్టిన రిపోర్టు తీసుకునే హక్కున్నది. ఒక్కనితోని కాకపోతే యువజన సంఘం పోరగాళ్లు కలిసి చందాలేసుకోండ్రి. గణపతికి ఏసుకుంటలేమా?

ఇంకోటి, సమాచార హక్కు. మీ జిల్లా డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసుకు మూడు ప్రశ్నలు రాయుండ్రి. పోయిన ఏడాదిల పిల్లల సిరప్ శాంపిళ్లు ఎన్ని తీసిన్రు? అండ్ల ఎన్నిటికి డైఇథిలీన్ గ్లైకాల్ పరీక్ష చేసిన్రు? రిపోర్టు వచ్చేటందుకు ఒక్కోదానికి ఎన్ని రోజులు పట్టింది? జవాబు ఏదొచ్చినా ఊర్ల గ్రూపుల పెట్టుండ్రి. సర్పంచ్‌కు చూపియ్యుండ్రి, ఓట్ల కోసం వచ్చే ఎమ్మెల్యేకు చూపియ్యుండ్రి.

సర్కారును అడగాల్సింది గూడ పెద్ద ముచ్చటేం గాదు. ఓడ ఎక్కే సీసకు పెట్టిన రూలే, ఊరికొచ్చే సీసకు పెట్టుండ్రి. ప్రతి డ్రమ్ముకు, ప్రతి బ్యాచ్‌కు పరీక్ష రిపోర్టు ఎవరైనా చూసేటట్టు ఆన్‌లైన్‌ల పెట్టుండ్రి. బ్యాచ్ నంబర్ కొడితే రిపోర్టు రావాలె. గ్యాస్ బుక్ చేసినట్టు, హాల్ టికెట్ తీసినట్టు.

మిషన్‌కు అరగంట చాలు. నూరు మిల్లీలీటర్ల సీసల ఏది మందో, ఏది విషమో ముక్క ముక్క చేసి చెప్తది. ఆ అరగంట ఛింద్వాడా పిల్లలకు దొరకలే. మన పిల్లలకు దొరకాలంటే ఇయ్యాల మీ ఇంట్ల ఉన్న సీస తిప్పి చూడుండ్రి. బ్యాచ్ నంబర్ చదువుండ్రి. ఆడికెళ్లి మొదలువెట్టుండ్రి.